రోకలి మామూలు రోజు కూడా నిలబడుతుంది. ఆ సంగతి బడిలో ఎందుకు తేలదు?

బ్రాడీపేట మాస్టారు:

గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. 2022లో దీపావళి మర్నాడు, అక్టోబరు 25న, సూర్యగ్రహణం వచ్చింది. సాయంత్రం ఐదు దాటాక పట్టింది, విడవకముందే పొద్దు గుంకింది. ఆ రోజు మా వీధిలో నాలుగైదు ఇళ్లలో పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు. గ్రహణం ఉన్నంతసేపే నిలుస్తుందని, విడవగానే పడిపోతుందని నమ్మకం. ఆ ఫోటోలు వాట్సాప్‌లో ఊరంతా తిరిగాయి.

మర్నాడు క్లాసులో ఎవరెవరింట్లో నిలబెట్టారని అడిగితే సగం మంది చేతులెత్తారు. "మామూలు రోజు ఎవరైనా నిలబెట్టి చూశారా?" అంటే ఒక్క చెయ్యీ లేవలేదు.

తర్వాతి సోమవారం ఒక అమ్మాయి వాళ్లింటి రోకలి తెచ్చింది. అడుగున పొన్ను వేసి చదునుగా ఉంది. బరువు ఆ అడుగు మీదుగా తిన్నగా కిందికి పడితే చాలు, ఏ కర్రయినా నిలుస్తుంది. మూడో ప్రయత్నానికే నిలిచింది. బల్ల మీదా నిలిచింది, నీళ్లు లేకుండా గచ్చు మీదా నిలిచింది. ఒకడు మెల్లగా లేచి "అయితే మా నానమ్మ అబద్ధం చెప్పిందా సార్?" అన్నాడు. "లేదు నాన్నా, నానమ్మ చూసింది నిజమే. మిగతా రోజుల్లో చూడలేదు, అంతే" అన్నాను.

ఇక అసలు బాధ చెబుతాను. మొన్నమొన్నటిదాకా పదో తరగతిలో చెప్పిన మన స్టేట్ సైన్స్ పుస్తకాల్లో విద్యా ప్రమాణాలని, పిల్లలకు ఏమేం రావాలో చెప్పేవి, ఉండేవి. విషయావగాహన తర్వాత రెండోదే "ప్రశ్నించడం, పరికల్పన చేయడం", అంటే అడగడం, ఇలా అయి ఉండొచ్చని ఊహించి పరీక్షించడం. అది పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. కానీ పరీక్షలో అది ఎలా వచ్చేది? డాక్టరు గారు కనబడితే మూత్రపిండాల గురించి ఏ ప్రశ్నలు అడుగుతావు, అని. గైడులో ఆ ప్రశ్నలు కూడా రాసి ఉండేవి. పిల్లలు వాటిని బట్టీ పట్టి రాసేవాళ్లు, మేం మార్కులు వేసేవాళ్లం. నేనూ వేశాను. జవాబులు బట్టీ పట్టించడం పాత సంగతి, మనం ప్రశ్నలు కూడా బట్టీ పట్టించాం. అలా చదివిన పిల్లవాడికి రేపు ఎవరో బియ్యం గింజల్ని లాగే మహిమ ఉందంటూ లక్షలకు అంటగట్టే రైస్ పుల్లింగ్ చెంబు చూపిస్తే ఏం అడగాలో ఎలా తడుతుంది?

కృష్ణలంక వాసి:

మాస్టారూ, మొత్తం బడి మీద వేస్తే నేను ఒప్పుకోలేను. నేను ఎం.టెక్ చదివాను. మా నాన్నకు పదేళ్లుగా షుగర్. ఒకచోట చూర్ణం ఇస్తున్నారు, వాడితే మాత్రలు మానేయొచ్చు అని ఎవరో చెప్పారు. కారులో తీసుకెళ్లింది నేనే.

ఎందుకు తీసుకెళ్లానో తర్వాత చాలా ఆలోచించాను. డాక్టరు దగ్గర గంటన్నర కూర్చుంటే రెండు నిమిషాలు చూసేవారు. రిపోర్టు వైపు తప్ప నాన్న ముఖం వైపు చూసేవారు కాదు. ఈ చూర్ణం ఆయన ముప్పావుగంట మాట్లాడాడు. నిద్ర పడుతోందా, కాళ్లు మంటలా, అమ్మ పోయాక వంట ఎవరు చేస్తున్నారు, అన్నీ అడిగాడు. బయటికొచ్చేసరికి నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూశాక "దీనికి పరీక్షలు చేశారా?" అని అడగడానికి నాకు నోరు రాలేదు. మూడు వారాలకు షుగర్ 480. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డారు.

నాకు తెలియక కాదు. భయం, ఆశ కలిసి కూర్చున్నప్పుడు తెలివి పక్కకు తప్పుకుంటుంది. 2021 మేలో ఆనందయ్య ఇచ్చే కరోనా నాటుమందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి వేలమంది వెళ్లారు. ఆసుపత్రిలో బెడ్ దొరకని రోజులవి. వాళ్లందరికీ బడి చెప్పలేదనే అందామా?

పటమట అమ్మ:

మా పాపను మోసం చేసింది బడే, అందుకే రాస్తున్నాను. ఐదో తరగతిలో ఉండగా స్కూల్లోనే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని పెట్టారు. కళ్లకు గంతలు కట్టుకుని చదివేస్తారన్నారు. ఫీజుతో పాటు ఆ డబ్బూ కట్టాం. పాప స్టేజీ మీద రంగులు చెప్పింది, పుస్తకం చదివింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

రెండేళ్ల తర్వాత ఒక రాత్రి పక్కన పడుకుని చెప్పింది. "ముక్కు పక్కన సందులోంచి కనపడేదమ్మా. అందరికీ కనపడేది. చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదు." మధ్యమెదడు చూపు, వినికిడి సంకేతాల కోసం పుట్టినప్పటి నుంచి అందరిలో పనిచేస్తూనే ఉంటుందని తర్వాత చదివాను. దాన్ని ఎవరూ కొత్తగా తెరిచేది లేదు.

హాలులో ఉన్న పెద్దవాళ్లందరికంటే ఆ పిల్లకే నిజం తెలుసు. అది చెప్పే ధైర్యం మేం ఇవ్వలేదు, స్కూలూ ఇవ్వలేదు. నా దృష్టిలో లోపం అక్కడుంది.

సత్యనారాయణపురం పెద్దాయన:

మోసాల సంగతి సరే. కానీ ఈ పేరుతో ఆచారాలన్నీ తీసిపారేయడం బాగాలేదు. టెలిస్కోపు లేని కాలం నుంచి మన పంచాంగం గ్రహణాన్ని నిమిషాలతో చెబుతోంది. ఇస్రో చైర్మన్లు కూడా ప్రయోగానికి ముందు రాకెట్ నమూనాతో తిరుమల వెళ్తారు. వాళ్లకు సైన్స్ రాదా?

బ్రాడీపేట మాస్టారు:

బాబాయిగారూ, పంచాంగం మాట మీరు ఎత్తడం మంచిదైంది. గ్రహణం లెక్క సైన్సే. 499లో ఆర్యభటుడు చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడని, భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుందని రాశాడు. రాహువు మింగడమనే మాటతో ఆయనకు పని పడలేదు. పంచాంగంలో గ్రహణం టైము తప్పితే ఆ రోజే ఊరందరికీ తెలిసిపోతుంది, లెక్క దిద్దుకోవాల్సి వస్తుంది. అదే పుస్తకంలో ఆదాయం, వ్యయం కూడా ఉంటాయి. ఉగాదినాడు విన్నది మళ్లీ ఉగాదికి ఎవరైనా సరిచూస్తారా? నా పిల్లలకు ఈ తేడా తెలిస్తే చాలు. తిరుమల వెళ్లడం వాళ్ల భక్తి. రాకెట్‌లో ఇంధనం మాత్రం లెక్క ప్రకారమే నింపుతారు కదా.

పటమట అనగానే అక్కడి నాస్తిక కేంద్రం గుర్తొచ్చింది, దేవుణ్ణీ మహిమల్నీ నమ్మనివాళ్ల సంస్థ. గోరా, సరస్వతి గోరా ముదునూరులో 1940లో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తెచ్చారు. వాళ్లు నిప్పుల మీద జనం ముందే నడిచి చూపించారు. బొగ్గు నుంచి వేడి అరికాలికి నెమ్మదిగా ఎక్కుతుంది, అడుగు పడి లేచేది క్షణం సేపే, అందుకే కాలదు. భక్తి ఉన్నా లేకపోయినా అంతే. దేవుడి విషయంలో నేను వాళ్లతో ఏకీభవించను, రోజూ దీపం పెడతాను. కానీ చేసి చూపించే ఆ పద్ధతి నాకు గురువు.

కృష్ణలంక తమ్ముడూ, నీ మాట నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. బడి ఒక్కటే చాలదని ఒప్పుకుంటున్నాను. డాక్టరు ఇంకో పది నిమిషాలు మాట్లాడి ఉంటే మీ నాన్నగారు ఆ కారెక్కేవారు కాదేమో. అయినా బడి వంతు బడికి ఉంది. పటమట అమ్మగారి పాప "నాకు కనపడుతోంది" అని స్టేజీ మీదే అనగలిగేలా చేయడం మా పని. అది మేం చేయలేదు.

2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం, మన దేశంలో పాక్షికంగా కనిపిస్తుంది. ఆ లోపు, అమావాస్య కాని రోజు చూసి, మీ ఇంట్లో పిల్లల చేత రోకలి నిలబెట్టించండి. ఏ రోజు, ఏ టైముకు, ఎన్నో ప్రయత్నానికి నిలిచిందో ఇక్కడ రాయండి. నిలవకపోతే అదీ రాయండి, రోకలి అడుగు చదునుగా ఉందో లేదో చూసి. అన్నీ చార్టు మీద ఎక్కించి, గ్రహణం నాటి ఫోటో పక్కనే మా క్లాసు గోడకు పెడతాను.