తొలి మాట్లాడే పుస్తకాల రికార్డులను ఎలా అచ్చొత్తేవారు?

అమెరికాలో అంధ పాఠకుల కోసం 1934లో మొదలైన మాట్లాడే పుస్తకాల రికార్డుల తయారీ గురించి తెలిసినవారి సహాయం కోరుతున్నాను. ఇళ్లలో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాటల రికార్డులే వాడుకలో ఉన్న ఆ రోజుల్లో, అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ వారు 33⅓ చుట్ల వేగాన్ని ఎంచుకొని, గాడులను బాగా దగ్గరగా చెక్కించి, ఒక్కో వైపున సుమారు పావుగంట చదువు పట్టేలా చేశారు. ఎక్కువసేపు మోగే ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డులు బజారులోకి వచ్చింది 1948లో కనుక, ఇది నిజంగా గొప్ప ముందడుగు.

మైనపు పళ్లెం మీద గొంతును చెక్కి, విద్యుత్తుతో దానికి లోహపు పూత పట్టించి, ఆ పూతను ఊడదీస్తే గాడులు గట్లలా పైకి లేచిన అచ్చు వస్తుందని చదివాను. ఆవిరితో వేడెక్కిన రెండు అచ్చుల మధ్య రికార్డు తయారయ్యే పదార్థపు మెత్తబడిన ముద్దను నొక్కి, వెంటనే చన్నీళ్లు పారించి చల్లార్చి, అంచుల్లో పొంగిన మిగులును కోసేస్తారు.

పాటల రికార్డులతో పోలిస్తే ఒక్కో పుస్తకానికి కావలసిన ప్రతులు చాలా తక్కువ. అటువంటప్పుడు మొదటి లోహపు అచ్చుతోనే నొక్కేవారా, లేక దాని నుంచి మరో రెండు తరాల అచ్చులు తీసేవారా? అంత సన్నని గాడుల్లోకి ముద్ద పూర్తిగా చొరబడటానికి వేడిని, ఒత్తిడిని ఎలా సరిచూసుకునేవారు? తపాలాలో ఊరూరా తిరిగి, ఎందరో వినే ఈ రికార్డులు త్వరగా అరగకుండా ముద్దలో ఏమి కలిపేవారు?

రికార్డుల కర్మాగారంలో పనిచేసిన అనుభవం ఉన్నవారు వివరిస్తే ఎంతో కృతజ్ఞుడిని.