కోత అయిన మాగాణిలో లాబ్రడార్‌ను బాతుల కంట పడకుండా ఉంచడం ఎలా?

ప్రశ్న – విజయవాడ నుంచి

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతికి అటూ ఇటూ కంకిపాడు, ఉయ్యూరు వైపు వరి కోసిన మాగాణుల్లో తడి మిగిలిన చోట్లకు తెల్లవారుజామున బాతులు, నత్తగుల్ల కొంగలు దిగుతుంటాయి. వాటిని ఫొటో తీయడం నాకు అలవాటు; మా నల్ల లాబ్రడార్ కూడా వెంట వస్తుంది. గట్టు మీద ఒకటి రెండు తాటిచెట్లు తప్ప మరో చాటు లేని ఆ చేలలో నేను గోనెపట్టా కప్పుకొని పడుకుంటే పక్షులు పట్టించుకోవు గానీ, కుక్క తల ఎత్తిందంటే గుంపంతా లేచిపోతుంది. అమెరికా, కెనడాలలో బాతుల వేటకు వెళ్లేవారు ఇదే జాతి కుక్కలను బయలు పొలాల నడుమ దాచి ఉంచుతారని విన్నాను. వారు పాటించే పద్ధతి ఏమిటో, అందులో మన చేలకు పనికివచ్చేది ఎంతో తెలిసినవారు దయచేసి వివరించగలరు. నాకు వేట ఉద్దేశం ఏమాత్రం లేదని ముందే మనవి చేస్తున్నాను.

మొదటి సమాధానం – గుంటూరు నుంచి

ఉద్యోగరీత్యా నార్త్ డకోటాలో ఉన్న రోజుల్లో సహోద్యోగుల వెంట గోధుమ కోసిన పొలాలకు వెళ్లి ఈ ఏర్పాటును దగ్గరగా చూశాను. వేటకారులు నేలకు ఆనుకొని ఉండే మాటులో వెల్లకిలా పడుకుంటారు. కుక్కకు పక్కనే చిన్న గుడారం వంటి విడి మాటు ఉంటుంది. దాని గుడ్డ మీద వరుసగా కుట్టిన పట్టీలలో అదే పొలంలోని గడ్డిని, కొయ్యకాళ్లను దోపుతారు. పక్క పొలం గడ్డి తెచ్చి పెడితే రంగు తేడా పైనుంచి తెలిసిపోతుందని వారి పట్టింపు. కొత్త గుడ్డకు మెరుపు ఉంటుంది కనుక ముందుగా బురద పూసి ఎండబెట్టి దులుపుతారు. చదును నేలలో మాటు కన్నా దాని నీడ ఎక్కువ పట్టిస్తుంది. అందుకే అనుమతి ఉన్న చోట నేలను కొద్దిగా తవ్వి మాటును దించుతారు, లేదా అంచుల చుట్టూ గడ్డిని వాలుగా పరిచి నీడను చెదరగొడతారు.

బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి. కాబట్టి గాలి వీపుకు తగిలేలా కూర్చొని, ముందు ఖాళీ వదిలి, దాని చుట్టూ బొమ్మ బాతులను అమరుస్తారు. కుక్క మాటు ద్వారం కూడా అటే తెరుచుకుంటుంది, ఎందుకంటే పక్షి ఎక్కడ పడిందో చూడగలిగితేనే అది తిన్నగా వెళ్లి తేగలదు. పూర్తిగా కప్పిన కుక్క ఏమీ కనిపించక కుంయ్ కుంయ్‌మంటూ కదులుతుంది.

మీ ప్రశ్నలో నల్ల రంగు ప్రస్తావన ఉంది గానీ, అసలు చిక్కు కదలికది అని నా అభిప్రాయం. ఎండిన కొయ్యకాళ్ల మధ్య పసుపు లాబ్రడార్ ఎక్కువగా కలిసిపోతుందన్నది నిజమే. అయితే బాతుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. మల్లార్డ్ బాతు తల తిప్పకుండానే చుట్టుపక్కలనూ నెత్తి మీది ఆకాశాన్నీ చూడగలదు. కదలని నల్ల మచ్చ దానికి మట్టిగడ్డ కావచ్చు, కదిలితే మాత్రం కాదు. అందువల్ల గుడారం కొనడానికి ముందు ఇంట్లో ఒక చాప వేసి, దాని మీద పడుకోవడం, పిలిచే వరకు లేవకపోవడం నేర్పండి. అది కుదిరాక చాపను గుడారంలోకి మార్చి, కొన్నాళ్లు అన్నం అక్కడే పెట్టండి. పైకప్పు చివర వేయండి.

రెండవ సమాధానం – విజయవాడ, పశువైద్యుడు

పై మిత్రులు చెప్పినది వేట చట్టబద్ధమైన దేశాల సంగతి. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం మాత్రమే కాదు. వెంటాడటం, తరమడం, ఎర వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి, గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం సైతం వస్తుంది. కనుక మెడకు తాడు తప్పనిసరి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరు వైపు కుక్కతో వెళ్లే ఆలోచనే వద్దు.

ఇక ఆరోగ్యం మాట. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి ద్వారా కుక్కలకు లెప్టోస్పైరోసిస్ సోకుతుంది, అది మనుషులకూ వస్తుంది. ఏటా వేయించాల్సిన టీకాను ఆలస్యం చేయకండి. గట్ల మీద పందికొక్కుల బొరియల దగ్గర రైతులు మందు కలిపిన ఎర పెడతారు, లాబ్రడార్‌కు తిండి యావ ఎక్కువ. రక్తపింజర కూడా ఆ గట్లలోనే ఉంటుంది. ఎండ ఎక్కాక గుడ్డ మాటులో నల్ల కుక్క త్వరగా వేడెక్కిపోతుంది కాబట్టి పొద్దెక్కక ముందే బయటికి తీయండి.

మూడవ సమాధానం – తెనాలి నుంచి

నేనైతే కుక్కను ఇంట్లోనే ఉంచమంటాను. అక్కడ దానికి పడిన పక్షిని తెచ్చే పని ఉంది, ఇక్కడ మీరు దాని చేత ఏ పనీ చేయించడం లేదు; పరుగెత్తాలని పుట్టిన ప్రాణిని గంటల తరబడి కట్టిపడేయడం దేనికి? పైగా డెల్టాలో వరి కోతకు ముందే తడి నేలలో మినుము చల్లుతారు. బోడిగా కనిపించే ఆ చేలో మొలకలు ఉంటాయి, తవ్వితే రైతు ఊరుకోడు. వరికుప్పో గడ్డివామో ఉన్న కమతం చూసుకొని, రైతును అడిగి దాని నీడన కూర్చోండి. ఉప్పలపాడు చెరువు దగ్గర పక్షులు మనుషులకు అలవాటు పడి ఉంటాయి, అక్కడ మాటే అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. తవ్వడం మానుకుంటాను. ఒంటరిగా ఉంటే అరిచి వాడంతా లేపుతుంది కాబట్టి దాన్ని వదిలి రావడం కష్టం. ఐదేళ్ల కుక్కకు చాప పాఠం ఇప్పుడు అబ్బుతుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

అబ్బుతుంది. చాప మీద ఉండే సమయాన్ని నిమిషాల లెక్కన పెంచుతూ, అది లేవకముందే మీరే పిలవండి; లేచాక కోప్పడితే చాప అంటేనే భయం పట్టుకుంటుంది. మొదట డాబా మీద కాకులు, పావురాలు వాలే వేళ సాధన చేయించండి. వాటిని చూసి కూడా కదలని రోజు వస్తేనే చేలకు తీసుకెళ్లండి, అప్పటిదాకా తెనాలి మిత్రుల సలహా పాటించడమే మేలు.