టునిస్ నుంచి నోవాను వెనక్కి పిలిపించింది మతం వల్లనా, లెక్కల వల్లనా?

బఫెలోవాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. బఫెలో చుట్టుపక్కల ఉండే మనవాళ్ళందరిలాగే మేము కూడా ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా నయాగరాకు బయలుదేరుతాము. ఒక వంతెన ఎక్కి గ్రాండ్ ఐలాండ్ అనే దీవి మీదుగా పోయి, రెండో వంతెన దిగితే జలపాతం దగ్గర పడినట్టే. ఇన్నేళ్ళలో ఆ దీవిని నేను టోల్ కట్టే చోటుగా తప్ప మరొక విధంగా తలచుకోలేదు. చరిత్ర ఉపన్యాసకులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా మామగారు ఈసారి వచ్చినప్పుడు, దీవి గురించి ముందే చదువుకొని వచ్చి, ఒక రాతి పలక ఫోటో చూపించారు. పైన హీబ్రూలో ఒక పంక్తి, దాని కింద ఇంగ్లీషులో "అరారాట్, యూదులకు ఆశ్రయ నగరం" అనీ, మార్డెకై మాన్యుయెల్ నోవా 1825 సెప్టెంబరులో, అమెరికా స్వాతంత్ర్యపు 50వ ఏట స్థాపించినదనీ చెక్కి ఉంది. అటువంటి నగరం ఆ దీవి మీద ఏదీ లేదు.

ఈ నోవా ఎవరా అని వెదికితే నాటక రచయిత, పత్రికా సంపాదకుడు, దాత అని కనిపించింది. అంతకుముందు ఉత్తర ఆఫ్రికాలోని టునిస్‌లో అమెరికా కాన్సుల్‌గా పనిచేసి పదవి పోగొట్టుకున్నాడని కూడా ఉంది. యూదుడైనందువల్లనే తీసేశారని ఒకచోట చదివాను. ప్రభుత్వ సొమ్మును హద్దు మీరి ఖర్చు పెట్టినందుకు తీసేశారని మరొకచోట చదివాను. మా మామగారికీ నాకూ రెండు రోజులుగా ఇదే వాదం. తెలిసినవారు వివరంగా రాయగలరా?

పాతకాగితాలు:

బఫెలోవాసి గారూ, మీ ఇద్దరిలో ఎవరూ పూర్తిగా ఓడిపోరని ముందే చెప్పగలను. అయితే ఉత్తరాలను తేదీల వరుసలో పెట్టుకుని చదివితే చాలావరకు తేలిపోయే విషయమే ఇది.

నోవా 1785లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రుల నీడ పోయి తాతగారి ఇంట పెరిగాడు; చెక్క మీద నగిషీలు చెక్కి బంగారు పూత వేసే పనిలో శిష్యరికం చేశాడు. తరువాత రాజకీయాలలోనూ పత్రికలలోనూ కలం ఆడించి, కాన్సుల్ పదవి కోసం ప్రయత్నించాడు. ఈ పదవిని రాయబారి పదవి అనుకోకూడదు. ఓడల కాగితాలు, వర్తకుల తగాదాలు, చిక్కుల్లో పడ్డ నావికులు, ఇదీ కాన్సుల్ పని. ఆనాడు ఎక్కువమంది కాన్సుల్‌లు జీతం లేకుండా రుసుముల మీదా సొంత వ్యాపారం మీదా బతికేవారు. టునిస్, అల్జీర్స్, ట్రిపోలీ ఉన్న ఉత్తర ఆఫ్రికా బార్బరీ తీరంలో మాత్రం ప్రభుత్వం జీతం ఇచ్చేది, ఎందుకంటే అక్కడ పని ప్రధానంగా సముద్రపు దొంగలతో బేరం.

1811లో అతనికి మొదట రష్యా సామ్రాజ్యంలోని రీగా రేవుకు నియామకం వచ్చింది, దానిని వద్దన్నాడు. 1813లో టునిస్ వచ్చింది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. పదవి కోరుతూ 1811లో విదేశాంగ మంత్రికి రాసిన ఉత్తరంలోనే అతను తాను యూదుడనని చెప్పుకున్నాడు. తనను నియమిస్తే అమెరికా మతభేదం పాటించదని లోకానికి తెలుస్తుందని, దానివల్ల యూదులు ఆ దేశానికి రావడానికి ముందుకు వస్తారని వాదించాడు. అంటే అతని మతం రహస్యం కాదు సరికదా, అతని దరఖాస్తులో అదొక అర్హత.

టునిస్‌కు పోయే దారిలో ఇంకో రహస్యపు పని కూడా అప్పగించారు. సేలం రేవుకు చెందిన ఎడ్విన్ అనే ఓడను 1812లో అల్జీర్స్ వాళ్ళు పట్టుకుని నావికులను బానిసలుగా ఉంచారు. అమెరికా ప్రభుత్వం డబ్బు ఇస్తున్నట్టు తెలియకుండా, బంధువులో స్నేహితులో ఇస్తున్నట్టుగా, మనిషికి 3,000 డాలర్లు మించకుండా వారిని విడిపించమన్నారు. అప్పటికే బ్రిటన్‌తో యుద్ధం నడుస్తోంది. నోవా ఎక్కిన ఓడను బ్రిటిషువాళ్ళు పట్టుకోవడంతో అతను ఇంగ్లండులో కొంతకాలం చిక్కుకుపోయి, ఆ తరువాత స్పెయిన్ చేరాడు. అక్కడ రిచర్డ్ కీన్ అనే అమెరికన్‌ను మధ్యవర్తిగా కుదుర్చుకుని అల్జీర్స్ పంపాడు. ఈ కీన్‌కు స్వదేశంలో మంచి పేరు లేదు. మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ మీద దేశద్రోహం మోపిన కుట్ర వ్యవహారంలో అతని పేరు వినిపించింది. కీన్ చివరికి ఆరుగురిని విడిపించాడు. వారిలో ఇద్దరే ఎడ్విన్ ఓడవాళ్ళు. మిగిలిన నలుగురు తాము కూడా అమెరికన్లమేనని చెప్పుకున్నవాళ్ళు. ఖర్చు 25 వేల డాలర్లు దాటింది. నోవా ఆ సొమ్ముకు ప్రభుత్వం మీద హుండీలు (ఫలానావారికి ఇంత చెల్లించమని రాసే కాగితాలు) రాసి పంపితే, అవి వాషింగ్టన్‌లో చెల్లకుండా తిరిగి వచ్చాయి. మనిషికి మూడు వేల లెక్కన ఆరుగురికి 18 వేలు కావాలి కదా అని అడిగే గుమాస్తాకు జవాబు చెప్పడం కష్టమే.

ఇప్పుడు అసలు ఉత్తరం. 1815 ఏప్రిల్ 25న విదేశాంగ మంత్రి జేమ్స్ మన్రో రాసినదాని సారాంశం ఇది: మిమ్మల్ని నియమించినప్పుడు మీరు ఆచరించే మతం మీ విధులకు అడ్డు అవుతుందని తెలియదు, ఇప్పుడు తెలిసింది కనుక పదవి రద్దు చేస్తున్నాము. లెక్కల ప్రస్తావన దాని తరువాతనే. దానికి ముందురోజు అధ్యక్షుడు మాడిసన్ మన్రోకు పంపిన చీటీ కూడా దొరుకుతుంది. నోవాను వెనక్కి పిలిచేటప్పుడు, అతని మతం మీద అక్కడి తురుష్కులకు ఉన్న ఏవగింపునూ, అతను యూదుడన్న సంగతి బయటపడటాన్నీ ముఖ్య కారణంగా చూపితే బాగుంటుందని అందులో సూచించాడు. అదే మాడిసన్ 1818 మే నెలలో నోవాకు స్వయంగా రాస్తూ, మీ మతం నియామకం నాటికే అందరికీ తెలుసు, అదొక్కటే మిమ్మల్ని పిలిపించడానికి కారణం కాజాలదు అన్నాడు. ఈ మూడు కాగితాలనూ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఇది. కోపం వచ్చింది కీన్ మీదా, హుండీల మీదా. ఆ కోపాన్ని కాగితం మీద పెడితే రహస్యపు బేరం బయటపడుతుంది, కాబట్టి మతాన్ని ముందుకు తోశారు. అది సాకే. అయితే ఒక ప్రభుత్వం సంతకం చేసి ఇచ్చిన సాకు కాబట్టి, నోవా దానిని మామూలు అవమానంగా తీసుకోలేదు. తీసుకోవలసిన అవసరమూ లేదు.

ఆ ఉత్తరం అతని చేతికి అందిన తీరు కూడా చెప్పుకోదగినది. అమెరికా నౌకాదళ నాయకుడు కమొడోర్ డెకాటర్ తన యుద్ధనౌకలతో టునిస్ రేవుకు వచ్చి ముద్ర వేసిన కవరు అందించాడు. నోవా దానిని అతని ఎదుటనే చదువుకుని, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకంటే ఒక అమెరికన్ ఓడ పట్టి తెచ్చిన సరుకు ఓడలను టునిస్ రేవులోనే బ్రిటిషువాళ్ళు తిరిగి పట్టుకుపోయారు. దానికి టునిస్ పాలకుడైన బే నుంచి పరిహారం రాబట్టే వ్యవహారం అప్పటికి తెగలేదు. తన పదవి ఊడిన సంగతి తెలిస్తే డెకాటర్ తన మాట వింటాడో లేదో! ఆ ఉత్తరం జేబులో ఉండగానే నడిచిన బేరంలో బే 46,000 డాలర్లు కక్కాడు. ఉద్యోగం పోయిన మనిషి చేసిన ఆఖరి ఉద్యోగం అది.

నాటకాల పిచ్చోడు:

పాతకాగితాలు గారు చక్కగా రాశారు, కానీ సాకు అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగుతాను. బార్బరీ రాజ్యాలలో యూదు వర్తకులకు దర్బారులో ఎంత పలుకుబడి ఉండేదో, అల్జీర్స్‌లో బక్రీ కుటుంబం ఎంతటిదో వాషింగ్టన్‌కు బాగా తెలుసు. అమెరికా వాళ్ళు కూడా ఆ కుటుంబం దగ్గర అప్పు తెచ్చుకున్నవారే. అటువంటి చోట మతం అడ్డు అనడం అబద్ధమని నోవా గట్టిగానే వాదించాడు. 1816లో తన ఉత్తరాలను అచ్చు వేసి పంచాడు, 1819లో యాత్రా గ్రంథంలో మళ్ళీ చెప్పాడు. చివరికి లెక్కలు కూడా అతనికి అనుకూలంగానే పరిష్కారమయ్యాయి. లెక్కల తప్పే కారణమైతే, ఆ తప్పు లేదని తేలిన తరువాత మిగిలేది ఏమిటి?

నయాగరా దారిలో ఉండేవారు కనుక మీకు ఇంకో సంగతి. అతని నాటకాలలో బాగా ఆడినది 1819 నాటి "షీ వుడ్ బీ ఎ సోల్జర్". అందులోని చిప్పవా యుద్ధం, అమెరికాకూ బ్రిటన్‌కూ మధ్య, 1814 జూలై 5న జలపాతానికి కొంచెం ఎగువన, కెనడా ఒడ్డున జరిగింది. మరుసటి ఏడు ట్రిపోలీ ముట్టడి మీద రాసిన నాటకం న్యూయార్క్ పార్క్ థియేటర్‌లో ఆడుతున్న రోజులలోనే, ఒక రాత్రి ప్రదర్శన ముగిసిన తరువాత థియేటర్ కాలిపోయింది. ఆ రోజులలో రచయితకు రాబడి అంటే ఒక రాత్రి వసూలు మాత్రమే. తనకు దక్కిన ఆ వసూలును నోవా దుస్తులూ సామానూ కాలిపోయిన నటులకు ఇచ్చేశాడు. తరువాతి కాలంలో న్యూయార్క్‌లో హీబ్రూ బెనెవొలెంట్ సొసైటీకి అధ్యక్షుడై, వలస వచ్చిన పేద యూదుల కోసం చందాలు పోగుచేశాడు. దాత అన్న పేరు అక్కడిది. చేతిలో పెద్ద ఆస్తి ఏనాడూ లేదు. ఉన్నదల్లా పత్రిక, పరిచయాలు, మాటకారితనం.

బఫెలోవాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా మామగారు మాడిసన్ చీటీ సంగతి విని చాలాసేపు ఏమీ అనలేదు. అది ఆయనకు అరుదు. ఇంతకీ ఆ దీవి మీదకు ఎవరైనా వచ్చారా?

పాతకాగితాలు:

ఒక్కరూ రాలేదు. నోవా మాట మీద ఒక స్నేహితుడు గ్రాండ్ ఐలాండ్‌లో 2,555 ఎకరాలు కొన్నాడు. హడ్సన్ నదిని బఫెలో దగ్గర ఈరీ సరస్సుతో కలిపే ఈరీ కాలువ పూర్తి కావస్తున్న రోజులవి. కాలువ చివర పెద్ద వర్తక నగరం లేస్తుందన్న లెక్క అంత పిచ్చిదేమీ కాదు, బఫెలో లేచింది కదా. 1825 సెప్టెంబరు 15న శంకుస్థాపన చేయాలనుకున్నారు. తీరా చూస్తే జనాన్ని దీవికి చేర్చడానికి సరిపడా పడవలు లేవు. అందుచేత యూదు నగరపు పునాది రాయిని బఫెలోలోని సెయింట్ పాల్స్ చర్చిలో బల్ల మీద పెట్టి తంతు జరిపించారు. నోవా తనను తాను ఇశ్రాయేలు న్యాయాధిపతిగా ప్రకటించుకున్నాడు, లోకంలోని యూదులందరికీ మూడు వెండి షెకెల్‌ల తలపన్ను వేశాడు, అమెరికా ఆదివాసులు తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాలవారేనని కూడా చెప్పాడు. ప్యారిస్ యూదుల ప్రధాన మతగురువు (రబ్బీ) దీనిని ఖండిస్తూ జవాబు రాశాడు. యూరపు యూదులకు నోవా ఎవరో తెలియదు, తెలిసిన కొద్దిమందికి నవ్వు వచ్చింది. ఈ పథకంలో ఒక అంశాన్ని మాత్రం నేను తేలికగా తీసుకోను. మతం సాకుతో తనను తీసేసిన దేశంలోనే అతను ఆశ్రయం కట్టబోయాడు. 1818లో యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్‌లో చేసిన ప్రసంగాన్ని మాజీ అధ్యక్షులైన జెఫర్సన్‌కూ ఆడమ్స్‌కూ మాడిసన్‌కూ పంపి, వారి చేత మత స్వేచ్ఛ గురించి జవాబులు రాయించుకున్నదీ ఆ పట్టుదలతోనే.

తూర్పుగాలి:

ఇంతవరకు రాసినవారు ఒక పేజీని తిప్పకుండా వదిలేశారు. 1821లో విలియం బ్రౌన్ అనే నల్లజాతి వ్యక్తి న్యూయార్క్‌లో ఆఫ్రికన్ గ్రోవ్ అనే నాటకశాల నడిపాడు. నల్లజాతి నటులు షేక్‌స్పియర్‌ను ఆడేవారు. ఆ కాలంలో నగర షెరీఫ్ మన నోవాయే, నేషనల్ అడ్వొకేట్ పత్రిక సంపాదకుడూ అతనే. ఆ నటుల ఉచ్చారణనూ దుస్తులనూ తన పత్రికలో వెక్కిరించాడు. 1822 జనవరిలో ప్రదర్శన మధ్యలో పోలీసులు వచ్చి నటులను పట్టుకుపోయారు; ఇక షేక్‌స్పియర్ జోలికి పోమని మాట తీసుకుని విడిచిపెట్టారు. నల్లవారికి ఓటు హక్కు ఇవ్వరాదని రాసినవాడు, బానిసత్వాన్ని సమర్థించినవాడు ఇతనే. 1827లో నల్లజాతివారి సొంత పత్రిక ఫ్రీడమ్స్ జర్నల్ పుట్టడానికి ఉన్న కారణాలలో నోవా వంటివారి రాతలకు జవాబు చెప్పవలసిన అవసరం కూడా ఒకటి. పోలీసులు ఆపించిన ఆ నాటకం మూడవ రిచర్డ్. మూడేళ్ళ తరువాత బఫెలో చర్చిలో నోవా వేసుకున్న ఎర్రపట్టు అంగీ కూడా మూడవ రిచర్డ్ వేషానిదేనని, పార్క్ థియేటర్ నుంచి అరువు తెచ్చుకున్నదని చెబుతారు.

నాటకాల పిచ్చోడు:

తూర్పుగాలి గారు చెప్పినది కాదనను. అల్జీర్స్ బానిసలను విడిపించడానికి హుండీలు రాసిన చేయీ, ఆ సంపాదకీయాలు రాసిన చేయీ ఒకటే. మొదటి దానికి అతన్ని పొగిడాను. రెండవది రాసి ఉండవలసినది నేనే, నాటకాల పేరు పెట్టుకుని మరిచాను.

బఫెలోవాసి:

అందరికీ మరోసారి కృతజ్ఞతలు. ఆ రాయి సంగతి మా మామగారు ఇంకా తవ్వుతున్నారు. తంతు ముగిసిన తరువాత దానిని చర్చి గోడకు ఆనించి వదిలేశారట; కొంతకాలానికి దీవికి చేరి, వైట్‌హేవెన్ దగ్గర ఒక ఇటుక కట్టడంలో ఉండి, చేతులు మారి చివరికి బఫెలో చరిత్ర సంఘానికి వచ్చిందట. అంటే దేనికీ పునాదిగా పడని పునాది రాయి. వచ్చే శనివారం జలపాతానికి పోతూ వైట్‌హేవెన్ రోడ్డులో కారు ఆపమని ఇప్పటికే ఆజ్ఞ అయింది. అక్కడ చూడటానికి ఏమీ ఉండదని చెప్పి చూశాను. ఏమీ లేని చోటు చూడాలనే అంటున్నారు.