ఎరుమైనాక్కు, నాలుక చేప, చప్పిడి చేప: ఏది సరి?

ప్రశ్న (రాయపురం, చెన్నై):

సభ్యులకు నమస్కారం. అమెరికా దక్షిణ తీరంలో, ఒళ్లు చదునుగా ఉండే ఫ్లౌండర్ చేపను గాలంతో పట్టే పద్ధతిని గురించిన వ్యాసమొకటి తెలుగు చేస్తూ, ఆ చేప పేరు దగ్గరే ఆగిపోయాను. దాని బొమ్మను కాశిమేడు రేవులో చూపితే ‘ఎరుమైనాక్కు’ అన్నారు. అంటే తమిళంలో ఎనుము (గేదె) నాలుక. మొదటి చిత్తులో నేను ‘చప్పిడి చేప’ అని వ్రాసుకొన్నాను గాని, అది చదివిన మా పెద్దమ్మగారు ‘ఉప్పునీటి చేప చప్పిడిగా ఎందుకుంటుందిరా?’ అని అడిగారు. ‘నాలుక చేప’ అనవచ్చునా?

సమాధానం:

పెద్దమ్మగారి ప్రశ్న న్యాయమైనదే. చప్పిడి ముక్కు అన్నప్పుడు అణగిన ఆకారమూ, చప్పిడి కూడు అన్నప్పుడు ఉప్పులేమీ స్ఫురిస్తాయి. తినే వస్తువు పక్కన ఆ మాట చేరితే రెండవ అర్థమే ముందు తోస్తుంది. కనుక దానిని వదలివేయడమే మేలు.

మీరు రేవులో విన్న పేరుకు మాత్రం పెద్ద చరిత్ర ఉన్నది. 1801లో బ్లాక్, ష్నైడర్ అనే జర్మన్ పండితుల గ్రంథంలో ఈ జాతి చేప ఒకదానికి ‘ఎరుమెయి’ అనే శాస్త్రీయ నామం స్థిరపడింది. అది మీ రేవు మాటలోని మొదటి సగమే. తమిళ ఎరుమై, మన ఎనుము ఒకే మూలం నుండి వచ్చిన మాటలు. ఇక 1803లో ప్యాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు విశాఖపట్టణపు చేపల గ్రంథాన్ని ప్రచురించినప్పుడు తెలుగు పేర్లనే ఇంగ్లీషు లిపిలోకి ఎక్కించాడు. వాటిలో ‘నాలక’ అన్న మాట ఈ బల్లపరుపు చేపలలో ఒకదాని పేరులోనే కనబడుతుంది. కాబట్టి ‘నాలుక’ మనకు అరవ మాట చూసి అల్లుకొన్న కొత్త పేరు కాదు.

అయినా మీ వ్యాసంలో దానిని వాడవద్దనే నా అభిప్రాయం. నాలుక వలె సన్నగా సాగి, తోక విడిగా కనబడకుండా రెక్కలతో కలిసిపోయి, చిన్న వంకర నోటితో ఉండే చేపలకే ఆ పేరు నప్పుతుంది. వాటి శాస్త్రీయ నామమైన సైనోగ్లాసస్‌కు గ్రీకులో కుక్క నాలుక అని అర్థం; తమిళులకు ఎనుము తోచినచోట గ్రీకు మాటలో కుక్క చేరిందన్న మాట. ఫ్లౌండర్ అలాంటిది కాదు. అది వెడల్పైన ఒళ్లూ, పెద్ద నోరూ, పదునైన పళ్లూ గల వేటచేప. ఇసుకలో ఒళ్లు కప్పుకొని, పైవైపునే ఉన్న రెండు కళ్లు మాత్రం బయటపెట్టి, దగ్గరికి వచ్చిన చిన్న చేపలపైకి ఎగురుతుంది. గాలం వేసేవానికి కావలసినది ఆ నోరే కనుక, వలలో పడే నాలుక చేప పేరు పెడితే పాఠకుడు తప్పుదారి పడతాడు. ‘ఫ్లౌండర్ అనే బల్లపరుపు చేప’ అని ఒకసారి పరిచయం చేసి, ఆ తరువాత ఫ్లౌండర్ అనే వ్రాయండి. కళ్లు రెండూ ఒకవైపే ఉన్నాయి కదా అని ‘ఒంటికంటి చేప’ అని మాత్రం వ్రాయకండి. పిల్లగా ఉన్నప్పుడు దానికి చెరొక వైపు కన్ను ఉంటుంది, ఎదిగేకొద్దీ ఒకటి రెండో వైపుకు జరుగుతుంది తప్ప పోదు.

ప్రశ్న (మళ్లీ):

కృతజ్ఞతలండీ. మరొక సందేహం. శరత్కాలంలో ఈ చేపలు గుడ్లు పెట్టడానికి ఉప్పుకయ్యల నుండి లోతు సముద్రానికి పోయేటప్పుడు, పాయల ముఖద్వారాల దగ్గర ఎరను నేలబారుగా మెల్లగా ఈడుస్తారట. చేప తగిలిన వెంటనే గాలం లాగకూడదట. ఇక్కడ ‘కొట్టింది’ అనాలా, ‘పట్టింది’ అనాలా?

సమాధానం:

‘పట్టు’, ‘మింగు’ అనే రెండు క్రియలను వేరువేరుగా వాడండి. ఫ్లౌండర్ ముందు ఎరను పళ్లతో పట్టి అలాగే ఉంచి, తరువాత మింగుతుంది. అందుకే జాలరి కొన్ని క్షణాలు ఆగుతాడు. ‘కొట్టింది’ అంటే ఒక్క దెబ్బలో పని అయిపోయినట్లుంటుంది. ‘ఎర పట్టింది, ఇంకా మింగలేదు’ అంటే ఆగడానికి కారణమూ ఆ వాక్యంలోనే తెలిసిపోతుంది. ఇక గాలంతో కాక, రాత్రివేళ లోతులేని నీటిలో దీపం పట్టుకొని నడుస్తూ, ఇసుకలోని చేపను చూసి పొడిచే పనిముట్టుకు ‘బల్లెం’ చాలు. మొనలు రెండో మూడో ఉంటే వాటి సంఖ్య చెప్పండి.