పది నెలలా, మూడు వారాలా? ప్రజాస్వామ్యం, అభివృద్ధి పనుల్లో ఉన్నవారికి ఏ ఫెలోషిప్ మేలు

పంచాయతీ గొంతు:
పౌర సంస్థల్లోనో, ప్రభుత్వ శాఖల్లోనో, పత్రికల్లోనో పదేళ్లు పనిచేసినవారు ఎక్కువగా ఆరా తీసే అమెరికా ఫెలోషిప్‌లు రెండు. ఒకటి హంఫ్రీ ఫెలోషిప్. 1978లో మొదలైంది. ఖర్చు అమెరికా విదేశాంగ శాఖది, గడువు పది నెలలు, డిగ్రీ ఇవ్వరు, కనీసం అయిదేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి. రెండోది స్టాన్‌ఫర్డ్ వేసవి ఫెలోషిప్. 2005లో మొదలై, చాలాకాలం డ్రేపర్ హిల్స్ పేరుతో నడిచి, ఇప్పుడు ఫిషర్ ఫ్యామిలీ పేరుతో ఉంది. మూడు వారాలే.

జిల్లా స్థాయిలో సంస్థ నడిపేవారు మూడు వారాలదానికే దరఖాస్తు చేయాలని నా గట్టి అభిప్రాయం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో సవరణ వచ్చాక విదేశీ నిధుల్లో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు 50 శాతం దాకా వీలుండేది. డైరెక్టర్ పది నెలలు లేకపోతే ఆ స్థానంలో జీతమిచ్చి ఇంకొకరిని పెట్టుకోవడానికి ఆ 20లో ఏం మిగులుతుంది? తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వడాన్నీ అదే సవరణ నిషేధించింది. కాబట్టి పెద్ద సంస్థ ఆసరాతో నెట్టుకురావడమూ కుదరదు.

తనిఖీ మిత్ర:
నిధుల సంగతి నిజమే. కానీ మూడు వారాల్లో దక్కేది ప్రధానంగా తరగతి గది. లారీ డైమండ్, ఫ్రాన్సిస్ ఫుకుయామా లాంటి స్టాన్‌ఫర్డ్ రాజనీతి పండితులు చెప్పే పాఠాలకు విలువ లేదనడం లేదు, వాళ్ల ఆలోచనలు పుస్తకాల్లోనూ దొరుకుతాయి. హంఫ్రీలో కనీసం ఆరు వారాలు ఏదో ఒక కార్యాలయంలో కూర్చుని పనిచేయాలి. అసలు సరుకు అక్కడుంది.

ఒక్క ఉదాహరణ చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీ 2006లో మొదలైంది. గ్రామంలో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ తిరిగి, కూలి అందిందా లేదా అని అడిగి, పని కొలతలు సరిచూసి, చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక, అంటే బహిరంగ విచారణ పెట్టేవారు. దొంగ మస్టర్లు బయటపడేవి. ఆ డబ్బు తిరిగి రాబట్టడం దగ్గరే బండి ఆగేది. తేలిన మొత్తానికీ, వసూలైన మొత్తానికీ మధ్య పెద్ద తేడా ఉండేది. కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటర్ పద్ధతి చూడండి: తనిఖీ జరిగిన శాఖ 60 రోజులకు, ఆరు నెలలకు, ఏడాదికి ఒక్కో సిఫారసు మీద ఏం చేసిందో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబును ఆడిటర్ తూచి బహిరంగంగా పెడతారు. ఆ ఫైలు ఏ బల్ల మీద నుంచి ఏ బల్ల మీదికి పోతుందో, జవాబు రాకపోతే ఎవరు ఫోన్ చేస్తారో ఉపన్యాసంలో తెలియదు. ఆరు వారాలు పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

చట్టం దారి:
ఏది ఎంచుకున్నా, ముందు కాగితాలు చూసుకోండి. దరఖాస్తులు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే.

ఎఫ్‌సీఆర్‌ఏ సెక్షన్ 6 ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి, న్యాయమూర్తి, ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి, రాజకీయ పార్టీ పదవిలో ఉన్నవారు, చట్టసభ సభ్యులు విదేశాల్లో విదేశీ ఆతిథ్యం తీసుకోవాలంటే కేంద్రం ముందస్తు అనుమతి ఉండాలి. దానికి దరఖాస్తు ఫారం ఎఫ్‌సీ-2. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది: ఈ చట్టంలో చట్టసభ అంటే పంచాయతీ, మున్సిపాలిటీ కూడా. అంటే వార్డు సభ్యురాలైనా, సర్పంచ్ అయినా, కౌన్సిలర్ అయినా అనుమతి తీసుకోవాల్సిందే. టికెట్, బస, భోజనం అవతలివాళ్లు భరిస్తే అది ఆతిథ్యమే. ఎంపికైన కబురు వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు.

హంఫ్రీకి ఇంకో మెలిక. జే-1 (అమెరికా ఇచ్చే మార్పిడి కార్యక్రమాల వీసా) మీద వెళ్లినవారు తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అప్పటిదాకా హెచ్-1బీ గానీ గ్రీన్‌కార్డు గానీ దొరకదు. జే-2 (కుటుంబ సభ్యుల వీసా) మీద వెంట వెళ్లిన భర్తకైనా భార్యకైనా అదే షరతు. ఐటీ ఉద్యోగాలున్న తెలుగు కుటుంబాలు ఇది ముందే మాట్లాడుకోవాలి.

గ్రామసభ గళం:
వ్యవధి కంటే ముందు తేల్చుకోవాల్సింది, ఏ సమస్య పట్టుకుని వెళ్తున్నామన్నది. ఫుకుయామా నేర్పే విధానంలో మూడు దశలు: సమస్యను గుర్తించడం, పరిష్కారం తయారు చేయడం, అమలు చేయడం. మొదటి దశలోనే చాలామంది దెబ్బతింటారు. ‘స్థానిక పాలనలో అవినీతి’ అని రాస్తే దాని మీద మూడు వారాల్లోనూ ఏమీ కాదు, పది నెలల్లోనూ ఏమీ కాదు. ‘ప్రజావేదికలో ఆదేశమిచ్చిన రికవరీ ఎందుకు వసూలు కావడం లేదు’ అని రాయండి. వెంటనే మనుషులు కనిపిస్తారు: ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్, ఎంపీడీఓ, జిల్లా ప్రాజెక్టు డైరెక్టర్. వసూలైతే ఎవరికి నష్టం, ఎవరు ఊరకున్నా వాళ్లకేమీ కాదు, ఎవరి సంతకంతో కదులుతుంది అని ఒక్కొక్కరి పక్కన రాసుకోవాలి. ఇలా రాసుకున్నవారికి మూడు వారాలు కూడా అక్కరకొస్తాయి. రాసుకోనివారికి పది నెలలు వృథా.

తనిఖీ మిత్ర:
ఒప్పుకుంటాను. అయితే వెళ్లేముందే యాజమాన్యం దగ్గర ఒక ఉత్తరం రాయించుకోవాలి: తిరిగొచ్చాక ఏ పదవి, ఆ సమస్య మీద పనిచేయడానికి వారానికి ఎన్ని రోజులు, ఏ అధికారంతో. సెలవు మంజూరు ఉత్తరం ఒక్కటే చేతిలో ఉంటే, వచ్చాక పాత కుర్చీలో పాత రిజిస్టర్లే.

పంచాయతీ గొంతు:
అలా రాసిచ్చే శాఖ గానీ, పెద్ద సంస్థ గానీ ఉంటే పది నెలలకు నేను అడ్డు చెప్పను. నలుగురు సిబ్బందితో నడిచే సంస్థలో ఆ ఉత్తరం రాసేదీ, సెలవు పెట్టేదీ ఒకే మనిషి. వాళ్ల విషయంలో నా మాట మారదు.