టర్బో కారుకి 93 బదులు 87 పెట్రోలు కొట్టిస్తే నిజంగా ఏమవుతుంది?

కొత్తస్టీరింగ్:
అందరికీ నమస్కారం. ఆరు నెలల కిందట రెండు డోర్ల టర్బో స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రెండు లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక, ఇప్పటికి తీరింది. ఇబ్బందల్లా పెట్రోలు ఖర్చే. ఆఫీసుకి రానూపోనూ 60 కిలోమీటర్లు, అందులో సగం ట్రాఫిక్‌లో పాకడమే. ఇక్కడ అమెరికాలో నేను వెళ్లే బంకులో ఆక్టేన్ 87, 89, 93 అని మూడు రకాలు ఉన్నాయి. పెట్రోలు మూత దగ్గరి స్టిక్కర్ చిరిగిపోయింది. కంపెనీ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి చూస్తే 98 వాడమని సిఫారసు, 95 కంటే తక్కువ వద్దు అని ఉంది. 98 దొరకదు, 95 కూడా లేదు. 93 కొట్టించినా తక్కువే, 87 కొట్టించినా తక్కువే అయినప్పుడు ఎక్కువ డబ్బు పెట్టి 93 ఎందుకు కొట్టించాలి? మొన్న సగం ట్యాంకు 87 కొట్టించాను, నడపడంలో తేడా ఏమీ తెలియలేదు. వాడినవాళ్లు చెప్పండి.

పిస్టన్‌బాబాయ్:
వద్దు బాబూ. పాతికేళ్ల నుంచి ఇంజిన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి, నా మాట విను. ఆక్టేన్ అంకె పెరిగితే పెట్రోల్లో శక్తి ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా స్పార్క్ పెట్టిన మంట వచ్చి తాకేదాకా తనంతట తను అంటుకోకుండా ఎంతసేపు ఆగగలదు అన్నదే ఆ అంకె చెప్పేది. టర్బో అసలు పనే గాలిని ఎక్కువగా కూరి నొక్కడం. అక్కడ ఆగలేని పెట్రోలు పోస్తే, మంట ఒక పక్క నుంచి వస్తూ ఉండగానే అవతలి మూల మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా భగ్గుమంటుంది. అదే నాకింగ్. గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు శబ్దం వస్తుంది. మ్యూజిక్ పెట్టుకుని, అద్దాలు మూసుకుని నడిపేవాడికి అది వినపడను కూడా వినపడదు. తేడా తెలియలేదు అంటే తేడా లేదని కాదు.

నాలుగోగేర్:
నేను మూడేళ్లుగా 87 వాడుతున్నా. ఏమీ కాలేదు.

పిస్టన్‌బాబాయ్:
ఏ ఇంజిన్? టర్బో ఉందా?

నాలుగోగేర్:
లేదు.

లెక్కలమాస్టారు:
బాబాయ్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ మీరు చెప్పేది కార్బ్యురేటర్ కాలం నాటి భయం. నేను ఇంజిన్ క్యాలిబ్రేషన్ పనిలో చాలా ఏళ్లున్నాను. ఇప్పటి ఇంజిన్ బ్లాకుకి నాక్ సెన్సర్ బిగించి ఉంటుంది. ఆ నాకింగ్ కంపనం పట్టగానే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, స్పార్క్‌ని కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతుంది, అవసరమైతే బూస్ట్ (టర్బో గాలిని కూరే ఒత్తిడి) కూడా తగ్గిస్తుంది. పవర్ కొంచెం పోతుంది, ఇంజిన్ పోదు. మజ్దా వాళ్లు తమ 2.5 లీటర్ టర్బోకి అమెరికాలో రెండు అంకెలూ వాళ్లే ప్రకటించారు: 93 మీద 250 హార్స్‌పవర్, 87 మీద 227. అంటే కంపెనీయే పోయమంటోంది కదా. 2017లో అమెరికా ఆటోమొబైల్ సంఘం ట్రిపుల్ ఏ, ప్రీమియం (ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు) సిఫారసు చేసిన కార్లు కొన్ని తీసుకుని పరీక్షిస్తే, ప్రీమియం పోసినందుకు మైలేజీ సగటున 2.7 శాతం, పవర్ 1.4 శాతం మాత్రమే పెరిగాయి. ఆ కొంచెం కోసం ప్రతి ట్యాంకుకీ ఎక్కువ పెట్టాలా? మాన్యువల్లో "సిఫారసు" అని ఉంటే ఒక అర్థం, "తప్పనిసరి" అని ఉంటే ఒక అర్థం. ముందు ఆ మాట చూడాలి.

పిస్టన్‌బాబాయ్:
ఒక్క మాటకి జవాబు చెప్పండి మాస్టారూ. సెన్సర్ ఏం వింటుంది? నాకింగ్‌ని. వింటుంది అంటే అప్పటికే వచ్చినట్టే కదా? దెబ్బ తగిలాక చెయ్యి అడ్డం పెట్టినట్టు. రోజుకి ఎన్నిసార్లు తగలాలి?

లెక్కలమాస్టారు:
ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, ఓపిగ్గా చెబుతాను. సన్నటి నాక్ అప్పుడప్పుడు రావడం ఇప్పటి ఇంజిన్లలో మామూలే. మంచి పవర్ టైమింగ్ ఆ అంచు దగ్గరే ఉంటుంది కాబట్టి ఈసీయూ అక్కడిదాకా వెళ్లి వెనక్కి వస్తూ ఉంటుంది. ఇంజిన్ని పాడుచేసేది సన్న నాక్ కాదు, ఎక్కువ లోడ్ మీద ఆగకుండా వచ్చే గట్టి నాక్. అదీ కాక ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు థ్రాటిల్ పావు వంతు కూడా తెరుచుకోదు, బూస్ట్ దాదాపు ఉండదు, సిలిండర్లో ఒత్తిడి తక్కువ. అక్కడ 87 అయినా 93 అయినా ఇంజిన్‌కి ఒకటే.

రెడ్‌లైన్:
ఈ మాటలు నమ్మే నా ఇంజిన్ పోయింది. రెండేళ్ల కిందట నేనూ సెకండ్ హ్యాండ్ టర్బో కారే కొన్నాను. అమ్మినాయన "రెగ్యులరే పోస్తాను, ఏ ప్రాబ్లమూ లేదు, ఈసీయూ చూసుకుంటుంది" అన్నాడు, అచ్చం మాస్టారు చెప్పినట్టే. నాలుగో నెలలో ఐడిల్ వణకడం మొదలైంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ. కంప్రెషన్ చెక్ చేస్తే మూడో సిలిండర్లో ఏమీ లేదు. హెడ్ విప్పితే పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగుల్ని పట్టి ఉంచే అంచు) విరిగి ఉంది, ఆ ముక్కలు గోడని గీసేశాయి. డాష్‌బోర్డు అరలో పాత పెట్రోలు రసీదుల కట్ట దొరికింది, ఒక్కటి కూడా ప్రీమియం లేదు. ఆ రోజు వర్క్‌షాప్ బయట మెట్ల మీద కూర్చుని అవన్నీ ఒక్కొక్కటీ చూశాను.

లెక్కలమాస్టారు:
బాధపడాల్సిన విషయమే. కానీ ఆ కారుకి బయట ఈసీయూ ట్యూనింగ్ చేయించారా?

రెడ్‌లైన్:
చేయించాడు. తర్వాత తెలిసింది.

లెక్కలమాస్టారు:
మరి ఆ మాట ముందే చెప్పాలి కదా! బూస్ట్ పెంచి, టైమింగ్ ముందుకి జరిపి, 93 కోసం రాసిన మ్యాప్ (ఈసీయూలోని సెట్టింగులు) మీద 87 పోశాడు. కంపెనీ వదిలిన మార్జిన్ అంతా ట్యూనింగ్ తినేసింది. అది ట్యూనింగ్ తప్పు, పెట్రోలు తప్పు కాదు.

రెడ్‌లైన్:
ట్యూనింగ్ ఉంది కాబట్టి పెట్రోలు తప్పు లేదంటారా? 93 పోసి ఉంటే విరిగేదా?

లెక్కలమాస్టారు:
ట్యూనింగ్ లేకపోతే విరిగేదా?

పిస్టన్‌బాబాయ్:
మీరిద్దరూ ఒకే చోట తిరుగుతున్నారు. ఇంకో సంగతి, ఆరో గేర్లో 1500 ఆర్‌పీఎం మీద యాక్సిలరేటర్ అదిమి తొక్కేవాళ్లుంటారు. చిన్న టర్బోల్లో పిస్టన్లు అక్కడే ఎక్కువ పోతాయి. చౌక పెట్రోలుకి ఆ అలవాటు తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

లెక్కలమాస్టారు:
ఆ అలవాటు చెడ్డదే, ఒప్పుకుంటాను, కానీ దాన్ని ఇందులో కలపొద్దు. మీరు చెప్పేది స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకోవడం. ఇంజిన్ ఆయిల్ తుంపర్లు, పేరుకున్న మసి దానికి ముఖ్య కారణాలు. దానికి ఆక్టేన్ పెంచడం పెద్ద మందు కాదు, సరైన ఆయిల్ కావాలి. 2020లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌పీ ఆయిల్ గ్రేడ్‌లో దీనికి పరీక్ష ఉంది. డబ్బా మీద ఆ గ్రేడ్ చూసి కొంటే చాలు.

వానలోడ్రైవ్:
ఒక్క నిమిషం. మాన్యువల్లో ఉన్న 98, బంకులో ఉన్న 93, రెండూ ఒకే కొలతేనా?

కొత్తస్టీరింగ్:
కొలతల్లో కూడా తేడాలుంటాయా? మాన్యువల్లో 98 పక్కన "రాన్" అని ఉంది. కారు అమెరికా మోడలే. నేను దించుకున్నది యూరప్ మాన్యువల్ అయి ఉండొచ్చు.

లెక్కలమాస్టారు:
ఇది నేను మొదట్లోనే అడగాల్సింది. పొరపాటు నాది.

ఆక్టేన్‌ని కొలవడానికి కంప్రెషన్ మార్చగలిగే ఒంటి సిలిండర్ ఇంజిన్ ఒకటి ఉంటుంది. ఐసో ఆక్టేన్‌కి 100, నార్మల్ హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని, మన పెట్రోలు ఈ రెండిటి ఏ మిశ్రమంలా నాక్ అవుతుందో చూస్తారు. అదే ఇంజిన్ని 600 ఆర్‌పీఎం మీద, కాస్త తేలిక పరిస్థితుల్లో నడిపితే వచ్చేది రాన్. 900 మీద, మిశ్రమాన్ని బాగా వేడిచేసి నడిపితే వచ్చేది మాన్, ఇది మామూలుగా ఒక ఎనిమిది నుంచి పది అంకెలు తక్కువ వస్తుంది. యూరప్‌లో, ఇంకా చాలా దేశాల్లో బంకు మీద రాసేది రాన్. అమెరికాలో రాసేది ఆ రెండిటి సగటు. కాబట్టి మీ 93 అంటే ఇంచుమించు 98 రాన్. సరిగ్గా మాన్యువల్ అడిగిందే. మీ 87 అంటే 91, 92 రాన్. మాన్యువల్ "వద్దు" అన్న గీతకి కింద. 89 కూడా దాదాపు 94, అదీ చాలదు.

పిస్టన్‌బాబాయ్:
మరి ఇంతసేపూ "సిఫారసు", "తప్పనిసరి" అన్నారు. 95 కంటే తక్కువ వద్దు అని ఆ అబ్బాయి మొదటి పోస్టులోనే రాశాడు.

లెక్కలమాస్టారు:
రాశాడు. నేను 98 దగ్గరే ఆగిపోయాను. నేను చెప్పిన పరీక్ష కూడా ప్రీమియం సిఫారసు చేసే కార్ల మీద చేసింది, తప్పనిసరి అనే కార్ల మీద కాదు. 87 రోజూ పోయమని ఈ కారుకి నేను చెప్పను. అయినా నా మాట పూర్తిగా తప్పు కాదు. మెల్లగా నడిపితే ఆ సగం ట్యాంకుతో ఏమీ కాదు. చివరికి కారు ఆయనది, లెక్క వేసుకుని తీసుకునే రిస్కూ ఆయనదే.

రెడ్‌లైన్:
నా కోపమంతా ఆ ఒక్క మాట మీదే. రిస్క్ ఆయనది కాదు! నాకు అమ్మినాయన ప్రతి ట్యాంకుకీ మిగుల్చుకున్నాడు, ఇంజిన్ ఖర్చు నేను కట్టాను. ఆయన ఇంకో కారు కొనుక్కుని హాయిగా తిరుగుతున్నాడు. సరైన పెట్రోలు పోసే స్తోమత లేనివాళ్లు ఇలాంటి కార్లు కొనకూడదు.

లెక్కలమాస్టారు:
ఇది మరీ ఎక్కువ. వాడిన వస్తువు అరుగుతుంది. క్లచ్ మీద కాలు పెట్టి నడిపేవాళ్లు లేరా? వాళ్లందరూ తర్వాత కొనేవాళ్ల కోసం నడపాలా?

పిస్టన్‌బాబాయ్:
క్లచ్ జారితే టెస్ట్ డ్రైవ్‌లో తెలుస్తుంది మాస్టారూ, టైరు అరిగితే కంటికి కనపడుతుంది, బేరమాడొచ్చు. రింగ్ ల్యాండ్‌లో సన్న పగులు హెడ్ విప్పితే తప్ప కనపడదు. కొనేవాడు అడగలేడు, అమ్మేవాడు చెప్పడు. నేను రెండువైపులవాళ్లనీ చూస్తాను. కొన్న మూడో నెలలో కారుని లాగించుకుని వచ్చే కుర్రాడి మొహం మీరు చూడలేదు.

కొత్తస్టీరింగ్:
రెడ్‌లైన్ గారూ, ఈ కారు కోసం ఎనిమిదేళ్లు దాచుకున్నాను. స్తోమత లేక అడగలేదు, పని చేయని దానికి డబ్బు పెడుతున్నానేమో అని అడిగాను. 93 అంటే 98కి సమానం అని తెలిసి ఉంటే ఈ ప్రశ్నే రాసేవాణ్ణి కాదు. మీ మాట కష్టం అనిపించింది.

మోడరేటర్:
స్తోమత మాటలు ఇక్కడితో ఆపండి.

రెడ్‌లైన్:
క్షమించు తమ్ముడూ. ఆ మాట నీకు అనాల్సింది కాదు, నాకు అమ్మినాయన్ని అనాల్సింది. ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

కొత్తస్టీరింగ్:
సరే అన్నా. ఇప్పుడు ట్యాంకులో ఇంచుమించు సగం 87 ఉంది. తీయించేయాలా?

పిస్టన్‌బాబాయ్:
అక్కర్లేదు. మిగతా సగం 93తో నింపు. రెండూ కలిస్తే 90 దగ్గరికి వస్తుంది, మాస్టారు లెక్కలో అది 95 రాన్, నీ కారుకి కనీసం అవసరమైనది. ఆ ట్యాంకు అయ్యేదాకా ఫుల్ థ్రాటిల్ వద్దు, ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు తగ్గించి ఎక్కు. తర్వాత నుంచి 93 మాత్రమే. ఒకసారి నాలాంటి మెకానిక్ వర్క్‌షాప్‌కి వెళ్లి నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ చెక్ చేయించు, నీకంటే ముందు నడిపినాయన ఏం పోశాడో నీకు తెలియదు కదా.

లెక్కలమాస్టారు:
చెక్ చేయించడం మంచిదే. ఈసీయూలో బయటి మ్యాప్ ఏమైనా ఉందేమో కూడా చూడమనండి, అది అంతకంటే ముఖ్యం. రెడ్‌లైన్ గారూ, మీతో ఇంకా పూర్తిగా ఏకీభవించను, కానీ అమ్మేటప్పుడు ఏ పెట్రోలు పోశామో చెప్పి తీరాలి, అందులో వాదన లేదు.

రెడ్‌లైన్:
తమ్ముడూ, ఆ 87 రసీదు ఉందా?

కొత్తస్టీరింగ్:
డాష్‌బోర్డు అరలోనే ఉంది. పారేయను. అమ్మే రోజు వస్తే కొనేవాళ్లకి నేనే చూపిస్తాను. శనివారం కంప్రెషన్ టెస్ట్‌కి టైం తీసుకున్నాను, అంకెలు ఇక్కడే రాస్తాను.