పెద్ద జూ ఒక్క రోజులో చూడటం ఎలా?

సీతాకోక:
అయిదేళ్ల పాపని, మా అత్తగారిని తీసుకుని జూకి వెళ్దామనుకుంటున్నాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పాపకేమో సింహం గర్జన వినాలట. ఒక్క రోజులో అంతా తిరగడం అయ్యే పనేనా?

నడకరాయుడు:
అంతా తిరగాలని పెట్టుకోకండి. పాప అడిగినవి నాలుగైదు ఎంచుకోండి, మిగతావి దారిలో కనిపిస్తే సరే. వారపు సెలవు ఏ రోజో ముందే చూసుకుని, గేటు తెరిచే వేళకి అక్కడుండండి. సింహం రోజుకి 20 గంటల దాకా పడుకునే ఉంటుంది. మధ్యాహ్నం వెళ్తే చెట్టు కింద తోక కనిపిస్తుంది, అదీ ఈగల్ని తోలుకోవడానికి కదిలితేనే. గర్జన వినే అవకాశం పొద్దున్నే ఎక్కువ, లేదంటే మూసే ముందు.

ఇద్దరు పిల్లల అమ్మ:
జనమంతా ముందు గేటు దగ్గరి బోన్ల దగ్గరే ఆగిపోతారు. మేమైతే నేరుగా చివరికి వెళ్లి, చూసుకుంటూ వెనక్కి వస్తాం. అత్తగారి కోసం బ్యాటరీ బండి ఉందేమో కనుక్కోండి. కొన్నిచోట్ల మధ్యలో దిగి మళ్లీ ఎక్కనిస్తారు, కొన్నిచోట్ల ఒక్క చుట్టు తిప్పి దించేస్తారు. టికెట్ కొనేముందే అడిగేయండి.

గుడ్లగూబ:
ఎండ ముదిరాక రాత్రి జంతువుల గదికి వెళ్లండి. అక్కడ దీపాలు తారుమారుగా వేస్తారు, పగలు మసక చీకటి, రాత్రి వెలుతురు. అందుకే మనం వెళ్లేసరికి గబ్బిలాలు, దేవాంగ పిల్లులు మేలుకుని ఉంటాయి. లోపలికి అడుగు పెట్టగానే ఏమీ కనపడదు, పాప బెదరొచ్చు. కాసేపు తలుపు పక్కన నిలబడితే కళ్లు అలవాటు పడతాయి. ఫోన్ లైటు మాత్రం వేయొద్దు, దండం పెడతా!

సీతాకోక:
నీటిగుర్రం ఎప్పుడూ మునిగే ఉంటుందటగా?

నడకరాయుడు:
ఉంటుంది, కానీ ఊపిరి కోసం అయిదు నిమిషాలకోసారైనా పైకి రావాల్సిందే. అందరూ చూసి చూసి వెళ్లిపోతారు, మీరు మాత్రం కదలకండి. ముందు రెండు ముక్కురంధ్రాలు తేలి, బుస్సుమని నీళ్లు చిమ్ముతాయి. తర్వాత చెవులు టపటపా విదిలిస్తుంది. పాప ఎగిరి గంతేస్తుంది.

గుడ్లగూబ:
తిండి పెట్టే వేళలు కూడా బోర్డు మీద చూసుకోండి.

ఇద్దరు పిల్లల అమ్మ:
నన్నడిగితే ఆ వేళకి అటు వెళ్లకపోవడమే మేలు. ఆ తోపులాటలో చిన్నపిల్లలకి పెద్దల వీపులే కనిపిస్తాయి. అన్నట్టు, బొమ్మల దుకాణం గేటు పక్కనే ఉంటే లోపలికి వెళ్లేటప్పుడు పాపని అవతలి వైపు నడిపించండి. ముందే చూసిందంటే అసలు ఏనుగు అక్కర్లేదు, బొమ్మ ఏనుగే కావాలంటుంది.